పేరు అడుగని టెలిఫోను

కొన్ని సంవత్సరముల క్రిందట నేను పనిచేయుచుండిన కార్యాలయమునందు పాత టెలిఫోనులను తీసివేసి, వాని స్థానమున క్రొత్తవానిని అమర్చిరి. ఇవి ఇంటర్నెట్టు ఫోనులని మాకు చెప్పిరి. పాత తీగలు గోడలలోనే ఉండిపోయినవి. కంప్యూటరునకు వచ్చు కేబులే ఇకమీదట టెలిఫోనునకును వచ్చుట మొదలుపెట్టినది. మరునాటి ఉదయమున మా కార్యాలయపు అటెండరు, వయసు మీరిన మనిషి, నా బల్లయొద్దకు వచ్చి నిలుచుండి ఒక ప్రశ్న వేసెను.

"అయ్యా, కంప్యూటరు తెరువవలెనన్న పాస్‌వర్డు అడుగును. బ్యాంకులో నా డబ్బు నేను చూచుకొనవలెనన్నను ఓ.టి.పి. అడుగును. నా చేతిలోని సెల్లు సైతము నా వ్రేలిముద్ర చూడనిదే తెరచుకొనదు. ఈ క్రొత్త ఫోను మాత్రము ఎవరెత్తినను పలుకుచున్నది. నా పేరడుగలేదు, నా గుర్తడుగలేదు. ఇది నన్నెట్లు నమ్మినది?"

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. తరువాత తెలిసినవారి నడిగియు, ఆ పనిలో కొంతకాలము మెలగియు తెలిసికొన్న సంగతులను ఈనాడు మీకు విన్నవింపదలచితిని. ఆ వృద్ధుని ప్రశ్న చిన్నదే గాని దానిలో మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. మనిషి తన పేరు చెప్పకుండగనే ఈ యంత్రము ఎట్లు పనిచేయుచున్నది? అట్లు పనిచేయుట వలన మేలేమి? అందువలన కలుగు అపాయమేమి? వీనిని ఒకదాని తరువాత నొకటిగా విచారింతము.

ముందుగా పాత టెలిఫోను సంగతి జ్ఞప్తికి తెచ్చుకొందము. 1876వ సంవత్సరమున అలెగ్జాండరు గ్రాహం బెల్లు అమెరికాలో టెలిఫోనునకు పేటెంటు పొందెను. ఆరేండ్లు నిండకముందే, 1882 జనవరి 28వ తేదీన, కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములయందు టెలిఫోను ఎక్స్ఛేంజీలు తెరువబడినవి. ఆనాటి ఎక్స్ఛేంజీలో ఒక పెద్ద పలక యుండెడిది. దానిలో చందాదారు నొక్కొక్కనికి ఒక్కొక్క రంధ్రము. మీరు పిలిచినచో అచట కూర్చున్న ఉద్యోగి మీ రంధ్రమునుండి తాడు తీసి అవతలివారి రంధ్రమున గ్రుచ్చును. 1891లో అమెరికాయందే ఆల్మన్ స్ట్రౌజరు అను నాతడు, ఉద్యోగి అవసరము లేకుండ తనంతట తానే కలుపు యంత్రమునకు పేటెంటు పొందెను. ఆతడు ఇంజనీరు కాడు. అంత్యక్రియల ఏర్పాటులు చేయు వ్యాపారి. ఆ పద్ధతిపై మొదటి ఎక్స్ఛేంజీ 1892లో ఇండియానా రాష్ట్రమందలి లా పోర్టు అను పట్టణమున నెలకొల్పబడెను.

మనిషి పోయి యంత్రము వచ్చినను ఒక్క సంగతి మాత్రము మారలేదు. మీ నంబరనగా మీ గదినుండి ఎక్స్ఛేంజీవరకు పోవు రెండు రాగి తీగలే. తీగయే గుర్తు, తీగయే సాక్ష్యము. ఆ తీగ చివర ఏ టెలిఫోను పెట్టె తగిలించినను అదే నంబరు మ్రోగును. పెట్టెకు తన పేరేమో తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు. ఎక్స్ఛేంజీ అడుగవలసిన ప్రశ్నయే లేదు. ఏ తీగపై విద్యుత్తు కదలినదో చూచిన చాలును. కనుక పాత టెలిఫోనుకూడ మన పేరడుగలేదు. అయితే అడుగకపోవుటకు దానికొక కారణముండెను.

క్రొత్త టెలిఫోను విషయములో ఆ కారణము తొలగిపోయినది. ఇచట ఎవరి తీగ వారిది కాదు. ఒకే కార్యాలయమున నూరు టెలిఫోనులు, నూరు కంప్యూటర్లు, అచ్చు యంత్రములు, కెమెరాలు అన్నియు ఒకే మార్గమున నడచును. రాజమార్గమున పోవు బండ్లను చూచి ఏ బండి ఎవరిదో బాట చెప్పజాలదు గదా. కావున ఇక తీగ సాక్ష్యము చెల్లదు. టెలిఫోను తానే ముందుకు వచ్చి, "నేను ఫలానా" అని చెప్పుకొనవలెను. మనిషి చెప్పనక్కరలేదు, యంత్రము చెప్పును. ఇదియే మన మొదటి ప్రశ్నకు సమాధానమునకు మూలము.

ఇది ఎట్లు జరుగునో తెలియుటకు, క్రొత్త ఊరికి బదిలీపై పోయిన ఉద్యోగిని తలచుకొనుడు. ఆతడు రైలు దిగును. ముందు కడుపునకింత తినును. పిదప బస వెదకికొనును. కార్యాలయ మెచటనో అడిగి తెలిసికొనును. అచట తన పేర వచ్చియున్న ఉత్తరువులను చదువుకొనును. చివరకు హాజరు పట్టీలో సంతకము చేయును. అంతటితో ఆతడు ఆ ఊరి ఉద్యోగియైనాడు. ఇంటర్నెట్టు ఫోను సరిగ ఇదే వరుసను నడచును.

మొదటిది ఆహారము. గోడయందలి రంధ్రమున కేబులు గ్రుచ్చినంతనే టెలిఫోనునకు ఆ కేబులు వెంటనే విద్యుత్తు వచ్చును. విడిగా ప్లగ్గు అక్కరలేదు. ఈ విధానమునకు 2003లో ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంస్థ ఒక ప్రమాణమును ఏర్పరచెను. దాని ప్రకారము స్విచ్చి అను పంపిణీ పెట్టె ఒక్కొక్క రంధ్రమునకు 15.4 వాట్లవరకు శక్తి నీయగలదు. దారిలో కొంత హరించిపోగా పరికరమునకు చేరునది 12.95 వాట్లు. ఆ విద్యుత్తు సుమారు 48 వోల్టులు. పాత ఎక్స్ఛేంజీ బ్యాటరీలు తీగలపై పంపుచుండినదియు 48 వోల్టులే. మనుమడు తాత ముక్కు తెచ్చుకొన్నట్లు, క్రొత్త టెలిఫోను ఈ ఒక్క పోలికను తెచ్చుకొన్నది.

రెండవది బస. విద్యుత్తు అందగనే టెలిఫోనులోని చిన్న కంప్యూటరు మేలుకొనును. అవును, దానిలోనున్నది కంప్యూటరే. అది మొదట స్విచ్చితో మాటాడి, కంఠధ్వనులు పోవుటకు ప్రత్యేకించిన వరుస ఏదో తెలిసికొనును. ఒకే బాటపై బండ్లకొక వరుస, పాదచారులకొక వరుస గీచినట్లు, ఒకే కేబులుపై మాటలకొక వరుసయు కంప్యూటరు లెక్కలకొక వరుసయు ఏర్పరచుట ఆచారము. తరువాత అది, "నాకొక చిరునామా ఈయుడు" అని ఎలుగెత్తి అడుగును. డి.హెచ్.సి.పి. అను ఉపచారకుడొకడు దానికి జవాబిచ్చి, ఒక ఐ.పి. అడ్రసును కొంతకాలమునకు అద్దెకిచ్చును. ఈ పద్ధతికి నేడు వాడుకలోనున్న నియమములు 1997లో వెలువడినవి.

మూడవది కార్యాలయమెచట నను ప్రశ్న. ఆ ఉపచారకుడే అడ్రసుతోబాటు మరియొక చిన్న చీటీని అందించును. "నీ ఉత్తరువులు ఫలానా సర్వరునొద్ద నున్నవి, పోయి తీసికొనుము" అని ఆ చీటీలో నుండును. ఈ చీటీకి 66వ నంబరు. కొన్ని సంస్థల ఫోనులకు 150వ నంబరు.

నాల్గవది ఉత్తరువులు చదువుకొనుట. ఇచటనే పుట్టుమచ్చ పనికివచ్చును. ఇట్టి ప్రతి యంత్రమునకు తయారుచేసిన కార్ఖానాలోనే ఒక గుర్తు వేయబడును. దానిని మ్యాక్ అడ్రసందురు. అది 12 గుర్తుల వరుస. మొదటి ఆరును చేసిన సంస్థ ఏదో తెలుపును. తక్కిన ఆరును ఆ సంస్థ చేసినవానిలో ఇది ఎన్నవదో తెలుపును. టెలిఫోనును ప్రక్కకు త్రిప్పి క్రిందనున్న కాగితపు చీటీని చూచినచో ఈ గుర్తు మీకును కనబడును. కార్యాలయపు సాంకేతికోద్యోగి ముందుగానే సర్వరునందు, "ఈ పుట్టుమచ్చ గల ఫోనునకు నంబరు 214, పేరు లెక్కల విభాగము, స్థానిక పిలుపులకు మాత్రమే అధికారము" అని వ్రాసియుంచును. ఫోను తన పుట్టుమచ్చనే ఫైలు పేరుగ చెప్పి ఆ కాగితమును తెచ్చుకొనును. సిస్కో సంస్థ ఫోనులు అడుగు ఫైలు పేరు ఎస్.ఇ.పి. అను మూడక్షరములతో మొదలై, వెనువెంటనే మ్యాక్ అడ్రసుతో సాగును. ఆ మూడక్షరములలో మొదటిది సెల్సియస్ అను కంపెనీ పేరు. సిస్కో 1998లో దానిని కొనివేసెను. కంపెనీ పేరు పోయినను ఫైలు తలపై దాని అక్షరము నిలిచియున్నది.

ఐదవది హాజరు పట్టీలో సంతకము. దీనినే నమోదు, అనగా రిజిస్ట్రేషను అందురు. దీనికి లోకమంతట వ్యాపించిన పద్ధతి సిప్ అనునది. కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హెన్నింగ్ షుల్జ్‌రిన్నె, మార్క్ హాండ్లీ మొదలగువారు దీనిని రూపొందించిరి. మొదటి నియమావళి 1999లోను, సవరించిన నియమావళి 2002లోను వెలువడినవి. ఈ పద్ధతియందు ఫోను సర్వరునొద్దకు పోయి, "నేను 214ను. ప్రస్తుతము నా బస ఇది. నా పేర వచ్చు పిలుపులను ఇచటికి పంపుడు" అని చెప్పును.

సర్వరు వెంటనే నమ్మదు. "401, నీకింకను అనుమతి లేదు" అని త్రిప్పి పంపుచు, ఒక వింత సంఖ్యను ఫోను చేతికిచ్చును. ఉత్తరువుల కాగితములో ఫోనునకు ఒక రహస్యపదము ముందే ఈయబడియున్నది. ఫోను ఆ రహస్యపదమును వింత సంఖ్యను కలిపి నూరి, ఆ పొడిని మాత్రము సర్వరునకు పంపును. సర్వరు తనయొద్దనున్న రహస్యపదమును అదే సంఖ్యతో అట్లే నూరి చూచును. రెండు పొడులును ఒకటైనచో, "200, సరి" అని పలుకును. దారిలో పొంచియున్నవానికి ఆ పొడి చిక్కినను అది మరల పనికిరాదు. మరునాటి వింత సంఖ్య వేరుగ నుండును. ఇంత తంతును కన్ను మూసి తెరచునంతలో జరిగిపోవును. తెరపై తేదీయు, కాలమును, నంబరును కనబడును. మన కది పూర్వమునుండి అట్లే ఉన్నట్లు తోచును.

ఇచట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. "ఈ ఫోనునకు లాగిన్ లేదు" అని మన మనుచుందుము. లాగిన్ లేకపోలేదు. లాగిన్ అయినది ఫోను, కానిది మనము. మన బదులు యంత్రమే తన పేరును, తన రహస్యమును చెప్పి లోపలికి పోయినది. అంతేకాదు, ఆ సంతకము శాశ్వతము కాదు. సాధారణముగ 3600 సెకండ్లు, అనగా ఒక గంట, చెల్లును. గడువు తీరకముందే ఫోను మరల పోయి సంతకము చేసివచ్చును. కేబులు ఊడదీసితిరా, గడువు దాటిన పిమ్మట సర్వరు ఆ ఫోను లేదని ఎంచును. అందరు ఇంటికి పోయిన రాత్రివేళ, దీపములార్పిన గదులలో, ఈ ఫోనులు గంటకొకసారి నిశ్శబ్దముగ హాజరు వేసికొనుచునే యుండును.

మరియొక రహస్యము. కొన్ని ఏర్పాటులలో ఈ నూరుటయు పొడియు సైతము లేవు. పుట్టుమచ్చ సరిపోయిన చాలునని సర్వరు ఒప్పుకొనును. సిస్కో సర్వరులను ప్రత్యేక భద్రత లేకుండ సాధారణముగ అమర్చినచో జరుగునది ఇదే. పెండ్లిలో ముఖము గుర్తుపట్టి లోపలికి పంపినట్లు, చీటీ అడుగరు. ఇది సులభము, సులభమగుట చేతనే కొంత బలహీనము. ఆ సంగతి తరువాత చెప్పెదను.

ఇక మాటలు ఎట్లు పోవును? 214 నుండి 305ను పిలిచితి మనుకొనుడు. 214 సర్వరునకు ఒక ఆహ్వానము పంపును. సర్వరు హాజరు పట్టీ చూచి 305 బస ఎచటనో తెలిసికొని ఆహ్వానమును అందించును. అచట గంట మ్రోగును. "మ్రోగుచున్నది" అను వార్త వెనుకకు వచ్చును. ఎత్తగానే "సరి" అను వార్త వచ్చును. మనఫోను "అందినది" అనును. అంతే, సంబంధము కుదిరినది. ఆపైన పెక్కు ఏర్పాటులలో మాటలు సర్వరుగుండ పోవు. ఒక ఫోనునుండి మరియొక ఫోనునకు నేరుగ పోవును. సంబంధము కుదిర్చిన పేరయ్య, పెండ్లి కాగానే ప్రక్కకు తప్పుకొన్నట్లు సర్వరు ప్రక్కకు తప్పుకొనును. మన కంఠధ్వనిని ఫోను సెకండునకు 8000 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను ఎనిమిది గుర్తులతో వ్రాసి, 160 కొలతల నొక పొట్లముగ కట్టి, సెకండునకు 50 పొట్లముల చొప్పున పంపుచుండును. ఇది 1972లో నిర్ణయమైన జి.711 అను ప్రమాణము. దారిలో ఒకటి రెండు పొట్లములు పోయినను మన చెవి పట్టుకొనదు.

మొదటి ప్రశ్న తీరినది. రెండవ ప్రశ్న: మనిషి పేరడుగకపోవుట వలన మేలేమి?

మేలు చాలయున్నది. ఆసుపత్రి వరండాలోనున్న ఫోనును తలచుకొనుడు. అచట నర్సు మూడు వేళలకు ముగ్గురు మారుదురు. పాఠశాల గదిలోని ఫోనును గంటకొక ఉపాధ్యాయుడు ఎత్తును. కార్ఖానా ద్వారమునొద్ద, లిఫ్టులో, వంటశాలలో, గిడ్డంగిలో ఉన్న ఫోనులు ఏ ఒక్కరివియు కావు. అగ్ని పుట్టినప్పుడు, మనిషి కుప్పకూలినప్పుడు, "ముందు పాస్‌వర్డు చెప్పుము" అను యంత్రము మనకు శత్రువు. ఆపద సమయమున ఎవడైనను ఎత్తి పలుకగల టెలిఫోను ఒక్కటైనను ప్రతి అంతస్తునందును ఉండవలెను. గుడి గంటను మ్రోగించుటకు ఎవరి అనుమతియు అక్కరలేనట్లే, ఈ ఫోనునకును అక్కరలేదు.

అయితే మనిషి పేరు చెప్పుకొనదలచినచో అందుకును ఏర్పాటు కలదు. ఈ రోజులలో పెక్కు కార్యాలయములయందు ఎవరి బల్ల వారికి లేదు. ఎచట ఖాళీ ఉన్న అచట కూర్చుండవలెను. అట్టిచోట ఉద్యోగి ఫోనుపై తన సంకేతమును, రహస్య సంఖ్యను నొక్కినచో ఆతని నంబరు ఆ ఫోనునకు నడచివచ్చును. పోవునప్పుడు మరల నొక్కిన, ఫోను తన సొంత పేరునకు తిరిగిపోవును. సిస్కో వ్యవస్థయందు దీనిని ఎక్స్‌టెన్షన్ మొబిలిటీ అందురు. మైక్రోసాఫ్టు టీమ్స్ వ్యవస్థయందు వేరొక ఏర్పాటున్నది: వరండాలోని ఫోను నిమిత్తము, ఏ మనిషికిని చెందని ఒక ప్రత్యేక ఖాతాను సృష్టించి, ఆ ఖాతాతో ఫోనును ఒకసారి లోపలికి పంపుదురు. ఏ పద్ధతియైనను సూత్ర మొక్కటే. మనిషి ఉన్నను లేకున్నను ఫోనునకు తనదైన ఒక ఉనికి యుండవలెను.

ఇక మూడవ ప్రశ్న, అపాయములు. ఇవి నాలుగు.

మొదటిది, ఎవరైనను ఎత్తగల ఫోనునుండి ఎవరైనను ఎచటికైనను మాటాడగలరు. దీనికి మందు సులభము. ఏ ఫోనునకు ఎంత అధికారమో ఉత్తరువుల కాగితములోనే వ్రాయవచ్చును. వరండాలోని ఫోను కార్యాలయములోపలికిని, ఆపద నంబర్లకును మాత్రమే పోవునట్లు చేయవలెను. పెక్కుచోట్ల ఇది చేయరు. అన్ని ఫోనులకును అన్ని అధికారములు ఇచ్చివేసి, నెలాఖరున బిల్లు చూచి కోపపడుదురు.

రెండవది, దొంగ ఫోను. పుట్టుమచ్చను అనుకరించుట కష్టము కాదు. కంప్యూటరుచేత తప్పుడు మ్యాక్ అడ్రసు చెప్పించవచ్చును. ఉత్తరువులను అందించు టి.ఎఫ్.టి.పి. అను పాత పద్ధతికి తాళమనునదే లేదు. ఫైలు పేరు తెలిసి అడిగినవారి కెల్ల ఇచ్చివేయును. ఆ ఫైలులో రహస్యపదము వ్రాసియున్నచో అది బజారున పడినట్లే. కొందరు మరియు అమాయకముగ, 214వ ఫోనునకు రహస్యపదముకూడ 214 అనియే పెట్టుదురు. సిప్ పద్ధతికి వాడుకయైన 5060వ ద్వారమును బయటి ఇంటర్నెట్టు వైపు తెరచియుంచినచో, ఎక్కడెక్కడి దొంగలో యంత్రములచేత రాత్రింబవళ్లు తట్టి చూచుచుందురు. తలుపు తెరచుకొన్నచో తెల్లవారులోపల ఆ కార్యాలయము పేర విదేశములకు పిలుపులు పోవును. బిల్లు మాత్రము యజమానికి వచ్చును. కావున రహస్యపదములు పొడవుగను, ఊహకందనివిగను ఉండవలెను. ఫైలులను తాళమువేసిన మార్గమున పంపవలెను. నమోదును 5061వ ద్వారముగుండ, గూఢలిపిలో జరుపుట మేలు. పుట్టుమచ్చతో తృప్తిపడక, కార్ఖానాయందే ఫోనులో నాటిన సాక్ష్యపత్రమును చూపుమని స్విచ్చియే అడుగు పద్ధతియు కలదు.

మూడవది విద్యుత్తు. పాత టెలిఫోను ఊరంతయు చీకటియైనను పలుకుచుండెను; దాని బువ్వ ఎక్స్ఛేంజీ బ్యాటరీలనుండి వచ్చుచుండెను. క్రొత్త ఫోను బువ్వ మన భవనములోని స్విచ్చినుండి వచ్చును. ఆ స్విచ్చికి బ్యాటరీ లేనిచో, కరెంటు పోయిన క్షణముననే ఫోనులన్నియు మూగవోవును. అగ్ని ప్రమాదము జరిగినప్పుడు మొదట పోవునది కరెంటే గదా. భవనమంతటికి కాకున్నను, ఆ ఒక్క పెట్టెకైనను బ్యాటరీ యుంచుట యజమానుల ధర్మము.

నాల్గవది, నా మనసునకు మిక్కిలి దగ్గరగ తగిలినది, ఫోను ఎచటనున్నదో తెలియకపోవుట.

2013 డిసెంబరులో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, మార్షల్ అను పట్టణమందలి ఒక బసలో ఒక తల్లిపై ఆమె బిడ్డలయెదుటనే దాడి జరిగినది. ఆమె తొమ్మిదేండ్ల కుమార్తె, తనకు నేర్పిన ప్రకారము, గదిలోని ఫోను తీసి 911 అని నాలుగుమారులు నొక్కినది. ఒక్కసారియు పలుకలేదు. బయటికి పిలువవలెనన్న ముందు 9 నొక్కవలెనను నియమము ఆ ఫోనునకు ఉన్నదని ఆ పసిబిడ్డకు ఎవరును చెప్పలేదు. తల్లి మరణించినది. ఆమె తండ్రి చేసిన ప్రయత్నముల ఫలితముగ 2018 ఫిబ్రవరిలో అమెరికాయందు ఆమె పేరిట కారీస్ లా అను చట్టము వచ్చినది. 2020 ఫిబ్రవరి 16వ తేదీనుండి క్రొత్తగ అమర్చు కార్యాలయ, బసల టెలిఫోను వ్యవస్థలన్నియు, ముందు ఏ అంకెయు లేకుండ 911 నొక్కినంతనే కలుపవలెనని ఆ చట్టము శాసించుచున్నది. అట్లు పిలుపు పోయినట్లు భవనములోనివారికి కూడ తెలియవలెననియు దానిలో నున్నది.

అది దూరదేశపు కథ. మా కార్యాలయపు కథ కూడ ఒకటి చెప్పెదను. క్రొత్త ఫోనులు వచ్చిన ఏడాదికి రెండవ అంతస్తులోని లెక్కల విభాగమును నాల్గవ అంతస్తునకు మార్చిరి. పూర్వమైనచో తీగలు మార్చువారు రావలసియుండెను. ఇప్పుడు ఎవరి ఫోనును వారే చంకన పెట్టుకొని పైకి పోయి, కనబడిన రంధ్రమున గ్రుచ్చిరి. ఫోనులు తమంతట తామే బస వెదకికొని, సంతకము చేసికొని, పాత నంబర్లతోనే పలికినవి. ఎంత సౌకర్యమని అందరము మెచ్చుకొంటిమి. సర్వరులోని కాగితమున మాత్రము "లెక్కల విభాగము, రెండవ అంతస్తు" అనియే ఉండిపోయినది. దానిని దిద్దవలెనని ఎవరికిని తోచలేదు. నాకును తోచలేదు.

ఒకనాటి మధ్యాహ్నము నాల్గవ అంతస్తున మా అటెండరు, మొదట నన్ను ప్రశ్నించిన ఆ వృద్ధుడే, గుండె పట్టుకొని కూలిపోయెను. అచటనున్న గుమాస్తా అమ్మాయి ఫోనెత్తి ద్వారముకడ కావలివానికి, "త్వరగా రండి, మనిషి పడిపోయినాడు" అని చెప్పి, కంగారులో పెట్టివేసినది. కావలివాడు తన ఫోను తెరపై పేరు చూచి, ఇద్దరిని వెంటబెట్టుకొని రెండవ అంతస్తునకు పరుగెత్తెను. అచట గదులు మూసియున్నవి. తలుపులు తట్టిరి, పిలిచిరి. పైనుండి ఎవరో దిగివచ్చి చెప్పువరకు వారికి నిజము తెలియలేదు. ఆ వ్యర్థమైన నిమిషములు ఎన్నియో నేను లెక్కపెట్టలేదు గాని, మెట్లపై నిలిచి వారికొరకు చూచినవారిలో నేనును ఒకడను. దైవానుగ్రహమున ఆతడు బ్రతికెను.

ఆసుపత్రినుండి వచ్చిన పిదప చూడబోయితిని. జరిగినది చెప్పితిని. తప్పు మాదేనని ఒప్పుకొంటిని. ఆతడు కొంతసేపు ఊరకుండి, "పోనిండయ్యా, ఆ ఫోను నా పేరడుగకపోయిన నేమి? తానెక్కడ నున్నదో తనకైన తెలిసియుండవలసినది" అనెను.

శ్రోతలారా, ఇంతకంటె చక్కగ ఈ విషయమును నేను చెప్పజాలను. ఈ యంత్రము పేరడుగకపోవుట దోషము కాదు. అది దాని ఉపకారము. కాని పేరడుగని యంత్రము తన స్థానమును సరిగ ఎరిగియుండవలెను. తీగయే సాక్ష్యమైన కాలమున స్థానము తప్పుటకు వీలులేకుండెను. నేడు సాక్ష్యము కాగితమునకు మారినది. ఆ కాగితమును దిద్దవలసినవారము మనమే.

కాబట్టి మీ మీ కార్యాలయములయందు రేపు ఉదయము మూడు పనులు చేయుడని కోరుచున్నాను. మీ బల్లపైనున్న ఫోనునుండి ద్వారముకడ కావలివానిని పిలిచి, ఆతని తెరపై ఏ పేరు, ఏ అంతస్తు కనబడుచున్నదో అడుగుడు. మన దేశమున ఆపద నంబరైన 112కు మీ ఫోనునుండి ముందు ఏ అంకెయు నొక్కకుండ పోవునో లేదో, పరీక్షకై ఆ నంబరునే పిలిచి ఆపదలోనున్నవారి దారి కడ్డుపడక, మీ సాంకేతికోద్యోగిని అడిగి తెలిసికొనుడు. ఫోనును ఒకచోటినుండి మరియొకచోటికి ఎత్తుకొనిపోయిన నాడే, సర్వరులోని కాగితమును దిద్దించుడు. వీనికి ఖర్చు లేదు. అయిదు నిమిషముల కాలమే.

ఆ వృద్ధుడు ఆ పిదప ఉద్యోగ విరమణ చేసి స్వగ్రామమున నున్నాడు. మా నాల్గవ అంతస్తు ఫోనులన్నిటికిని ఇప్పుడు సరియైన చిరునామాలున్నవి. మీ ఫోనుల సంగతి మీరు చూచుకొందురుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.